గడ్డిపోచను కూడా మరవని చట్టమా!

చట్టమా, నిన్ను స్తుతించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో ఒక్క పొగడ్తా అబద్ధం కాదు. నూజివీడు మామిడి తోటల్లో ఎండలు ముదిరేసరికి గట్ల మీది గడ్డి అంటుకుంటుంది. ఆ మంట తోటలోకి దిగి, కాయతో ఉన్న చెట్లను మాడుస్తుంది. ఆ తప్పులో నీ వంతు ఎంతో తేల్చుకుందామని నీ పుటలు తిరగేశాను. తిరగేసిన కొద్దీ నీ మీద గౌరవమే పెరిగింది. నువ్వు చెప్పని జాగ్రత్త లేదు, అప్పగించని బాధ్యత లేదు. అందుకే నిన్ను మనసారా పొగుడుతున్నాను. నిన్ను పొగిడే ప్రతి మాటా నిన్ను అమలు చేయాల్సిన మా మీద నిందగా పడుతుంది. పడాలనే నా కోరిక.

కృష్ణా తీరానికి ఈ దారి కొత్త కాదు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళ ఆంధ్ర మహావిష్ణువును ‘ఆంధ్రనాయక శతకం’లో నిందాస్తుతితోనే కొలిచాడు. స్వామి మీద గట్టి నమ్మకం ఉండబట్టే అంత చనువుగా నిలదీశాడు. నాకు నీ మీద ఉన్నదీ అలాంటి నమ్మకమే. ఆయన దేవుణ్ని నిలదీశాడు. నేను నీ కింద బతికే మమ్మల్ని నిలదీస్తున్నాను.

మొదట నీ జ్ఞాపకశక్తికి నమస్కారం. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో గ్రామ పంచాయతీ చేయాల్సిన పనుల జాబితా రాశావు. వీధులు శుభ్రం చేయడం, చెత్తకుప్పలు ఎత్తించడం, పాడుబడ్డ బావులు పూడ్పించడం అందులో ఉన్నాయి. వాటి నడుమే అడవిలా పెరిగిన తుప్పలను, నాగజెముడును తీయించడం కూడా ఉంది. నాగజెముడును పేరు పెట్టి మరీ చెప్పావు. ఒకప్పుడు దక్షిణ భారతంలో పొలాలకు పొలాలనే మింగిన మొక్క అది. 1926లో శ్రీలంక నుంచి ఒక రకం కొచినీల్ పురుగును తెచ్చి వదిలాక దాని పీడ చాలావరకు విరగడైంది. ఆ తర్వాత అరవై ఎనిమిదేళ్లకు రాసిన చట్టంలో కూడా నువ్వు దాన్ని మరిచిపోలేదు. మళ్లీ తల ఎత్తితే ఎవరు నరకాలో ముందే రాసి పెట్టావు. అంత ముందుచూపు నీది.

ఇవాళ నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం వైపు డొంకల్లో నడిస్తే నాగజెముడు కంటే సర్కారు తుమ్మ ఎక్కువ కనిపిస్తుంది. వయ్యారిభామ, తలంబ్రాల కంప, జిల్లేడు, నడుము ఎత్తు గడ్డి కనిపిస్తాయి. వీటి పేర్లు నీ జాబితాలో విడివిడిగా లేకపోయినా, అడవిలా పెరిగిన తుప్పలన్న నీ మాట కింద అన్నీ వస్తాయి. పంచాయతీ డొంక మీద అవి మూడేళ్లుగా కదలకుండా ఉన్నాయంటే నీ మాట చాలకపోవడం వల్ల కాదు. ఆ మాటను బడ్జెట్ పద్దులోకి, పని జాబితాలోకి ఎవరూ ఎక్కించకపోవడం వల్ల. 2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. జిల్లా మారినప్పుడు కొత్త కలెక్టరేటుకు ఫైళ్లు వెళ్లాయి, బోర్డులు మారాయి. డొంకల మీది కంప మాత్రం ఉన్నచోటే ఉంది.

రెండు తోటల మధ్య గట్టును ఏప్రిల్ రెండో వారంలో ఒకసారి దగ్గర నుంచి చూడాలి. నాలుగైదు అడుగుల వెడల్పు మిట్ట. వానాకాలంలో లేచిన గడ్డి గింజ రాల్చి, తెల్లబారి, ఒకదాని మీద ఒకటి పడి ఉంటుంది. దాని కింద ముందటేటి గడ్డి పొర, ఆ కింద అంతకు ముందటేటిది. పైన సర్కారు తుమ్మ కొమ్మలు. తోట వైపు చూస్తే చెట్ల కింద రాలిన మామిడాకు బెత్తెడు మందాన పరుచుకుని ఉంటుంది. గట్టు గడ్డికీ తోటలోని ఆకుకూ మధ్య ఎర్ర నేల జానెడు కూడా కనిపించదు. కాయ బరువుకు వంగిన రసాల కొమ్మలు ఆ ఆకును తాకుతూ ఉంటాయి.

ఇక నిప్పు ఎటు నుంచి వచ్చినా ఒకటే. డొంక మీద పోతూ పారేసిన బీడీ ముక్క కావచ్చు. కాపలా పాక ముందు రాళ్ల పొయ్యి కావచ్చు. పక్క చేలో మొక్కజొన్న చొప్ప తగలబెట్టిన మంట కావచ్చు. తేనెపట్టు కోసం పెట్టిన పొగ కావచ్చు. గాలికి వేలాడే కరెంటు తీగలు రాసుకుని రాలిన రవ్వ కావచ్చు. అన్నిటికంటే బాధాకరమైనది, గట్టు శుభ్రం చేద్దామని గట్టు యజమానే పెట్టిన నిప్పు కావచ్చు.

మిట్టమధ్యాహ్నం ఆ మంట కంటికి ఆనదు. ఎండ వెలుగులో కలిసిపోతుంది. చిటపటలు వినిపిస్తాయి, గడ్డి నల్లబడుతూ ముందుకు రావడం కనిపిస్తుంది. ఆకు పొర అందుకున్నాక వేగం పెరుగుతుంది. కింది కొమ్మల ఆకులు ఒక్కసారిగా ముడుచుకుపోతాయి. బంగినపల్లి కాయలకు కట్టిన కాగితం కవర్లు ఒకదాని వెంట ఒకటి అంటుకుని రాలతాయి. రసాల గుత్తులు ఒక పక్క ఉడికినట్టు మెత్తబడతాయి. డ్రిప్పు పైపులు కరిగి నేలకు అతుక్కుంటాయి. మంట చూస్తుండగానే చెట్టును దాటి పోతుంది.

నష్టం ఆ పూట లెక్కకు రాదు. బెరడు కింద చెట్టును పెంచే పలచటి జీవపొర ఉంటుంది. అరవై డిగ్రీల వేడి తగిలితే అది చచ్చిపోతుంది. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. నెలలు గడిచాక బెరడు పగిలి బంక కారుతుంది, ఒక పక్క కొమ్మలు ఎండుతాయి, కాండం తొలిచే పురుగు చేరుతుంది. అంటు నాటితే కాపు మొదలవడానికే అయిదారేళ్లు పడుతుంది. తాతల నాటి రసం చెట్టు పోతే దాని చోట అంతటి చెట్టును ఈ తరంలో చూడలేం.

చట్టమా, ఈ నష్టాన్ని నువ్వు ఎంత బాగా అర్థం చేసుకున్నావో చెప్పి నీ న్యాయబుద్ధిని పొగడాలి. 1860 నాటి శిక్షాస్మృతిలోనే, నిప్పు పెట్టి నష్టం చేసే నేరానికి మామూలు ఆస్తి అయితే వంద రూపాయల హద్దు పెట్టావు. 1882 సవరణతో పంట విషయంలో పది రూపాయలకే తీవ్ర నేరం అన్నావు. రైతు పంటకు ఆస్తి కంటే పది రెట్లు విలువ ఇచ్చిన నిబంధన అది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పది రూపాయల లెక్కనూ తీసేశావు. నిప్పుతో పంటకు నష్టం చేయాలని చేసినా, నష్టం జరుగుతుందని తెలిసి చేసినా ఏడేళ్ల దాకా జైలు అన్నావు. కావాలని చేయకపోయినా వదల్లేదు. నిప్పు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి ఇతరుల ప్రాణానికి అపాయం, గాయం తెచ్చేలా ప్రవర్తిస్తే 287వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ అన్నావు. తన దగ్గరున్న నిప్పుకు తగిన జాగ్రత్త తీసుకోకపోవడాన్ని కూడా నేరం చేశావు.

ఇంత స్పష్టంగా చెప్పాక కూడా తోట కాలిన ఊళ్లో ఏం జరుగుతుంది? పెద్దమనుషులు కూర్చుంటారు. నిప్పు ఎవరు పెట్టారో తెలియదని తేలుస్తారు. తెలిసినా, పక్క తోటవాడితో పేచీ ఎందుకని సర్దుతారు. నిప్పు ఎవరిదన్న ప్రశ్న దగ్గరే పంచాయితీ ఆగిపోతుంది. గడ్డి ఎవరిదన్న ప్రశ్న ఎవరూ అడగరు. నిప్పు వేసినవాడు దొరకకపోవచ్చు. మూడేళ్లుగా గడ్డిని కోయకుండా పెంచిన గట్టు యజమాని ఎవరో అడంగల్‌లో ఉంటుంది. దొరికే మనిషిని వదిలి దొరకని మనిషి కోసం వెతకడం మా అలవాటు.

నీ ముందుచూపును ఇంకోసారి పొగుడుతాను. కాలాక శిక్షించడం ఒక్కటే చూసుకుని ఊరుకోలేదు, కాలకముందే ఆపే దారీ వేశావు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్, దానికి ముందు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్, ఈ పనికే వచ్చాయి. జనానికి బెడదగా మారినదాన్ని తొలగించమని, మంటకు దారితీసే పదార్థాన్ని అలా ఉంచకుండా ఆపమని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ షరతుతో ఆదేశం ఇవ్వవచ్చు. అభ్యంతరం ఉన్నవారు వచ్చి తమ మాట చెప్పుకోవచ్చు. ఆ అధికారి ఎక్కడో దూరాన లేరు. నూజివీడు రెవెన్యూ డివిజన్ కేంద్రం, ఆర్డీవో కార్యాలయం ఊళ్లోనే ఉంది. తోట యజమాని మామిడికాయల ట్రేలు దించే దారిలోనే ఆ గేటు దాటిపోతాడు.

డబ్బు లేదన్న సాకునూ నువ్వు ముందే కొట్టిపారేశావు. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు ఇదే 133వ సెక్షన్ మీద వచ్చింది. జనం ఆరోగ్యాన్ని, భద్రతను కాపాడే చట్టబద్ధమైన విధిని నిధులు లేవన్న కారణంతో తప్పించుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యప్రదేశ్‌లో ఒక మురికి కాలువ పక్కన బతికే సామాన్యులు పోరాడి తెచ్చుకున్న తీర్పు అది. నలభై ఏళ్లు దాటినా దాన్ని మన పంచాయతీ డొంకలకు అన్వయించమని ఎవరం అడగలేదు. అడిగే హక్కు నువ్వు ఇచ్చావు. నోరు విప్పనిది మేము.

నీ కంటిచూపు సంగతి చెప్పాలి. ఆకాశం నుంచి కూడా చూస్తున్నావు. దేశంలోని అడవుల్లో ఎక్కడ నిప్పు లేచినా ఉపగ్రహాల్లోని వేడి గుర్తించే పరికరాలు పట్టుకుంటాయి. ఒక పరికరం 375 మీటర్ల చదరాన్ని ఒక చుక్కగా చూస్తుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఆ సమాచారాన్ని అటవీ సిబ్బందికీ, నమోదు చేసుకున్న పౌరులకూ ఫోనుకు సందేశంగా పంపుతుంది. 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు సాగిన మంటల కాలంలో ఆంధ్రప్రదేశ్ అడవుల్లో పద్దెనిమిది వేలకు పైగా నిప్పు చుక్కలు పడ్డాయి. ఉత్తరాఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ తర్వాత నాలుగో స్థానం మనదే. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవి కాలినప్పుడు వాయుసేన హెలికాప్టర్లను రప్పించాల్సి వచ్చింది. దేశంలో అడవి మంటల్లో అత్యధిక భాగం మనుషుల వల్లే పుడుతున్నాయని అటవీ శాఖలే చెబుతున్నాయి.

ఆ చూపు అడవి హద్దుల దాకా. మామిడి తోట అడవి లెక్కలోకి రాదు. అది నీ లోపం అనను. తోటను చూసుకోవడానికి ఉపగ్రహం అక్కర్లేదు. అది ఊరి పక్కనే ఉంది. సచివాలయంలో కార్యదర్శి ఉన్నారు, రెవెన్యూ అధికారి ఉన్నారు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల వ్యవస్థలో ఉద్యాన సహాయకులను ప్రత్యేకంగా నియమించారు. నూజివీడులోనే ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన మామిడి పరిశోధన స్థానం ఉంది. ఏ నెలలో దున్నాలో, ఏ నెలలో చెట్టు వేరు కదపకూడదో చెప్పగలవారు సైకిలు దూరంలో ఉన్నారు. నువ్వు కళ్లిచ్చావు, కాళ్లిచ్చావు. గట్టు దాకా నడవడం మిగిలింది.

నీ నిష్పక్షపాతం గురించి ఒక మాట. 2003 విద్యుత్ చట్టంలో తీగకు అడ్డొచ్చే చెట్టును కొట్టించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఇచ్చావు. తీగ వేయకముందు నుంచే ఆ చెట్టు అక్కడ ఉంటే యజమానికి పరిహారం ఇవ్వమన్నావు. సంస్థ వైపూ చూశావు, రైతు వైపూ చూశావు. ఇంతటి సమన్యాయం ఉన్నా తోటల మీదుగా పోయే తీగలు వేసవి గాలికి ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి. కొమ్మ కొట్టడానికి రైతు ఒప్పుకోడని పంపిణీ సంస్థ సిబ్బంది అంటారు. తీగ బిగించమంటే బిగించరని రైతు అంటాడు. ఇద్దరి మధ్యా కూర్చుని తేల్చే అధికారిని నువ్వు ఏర్పాటు చేశావు. ఆయన దగ్గరికి ఇద్దరూ వెళ్లరు.

నీ పొదుపును కూడా మెచ్చుకోవాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం అనుబంధంలో ఏ పనులు చేయకూడదో రాశావు. కొలవడానికి వీల్లేనివి, మళ్లీ మళ్లీ చేయాల్సినవి, గడ్డి పీకడం, గులకరాళ్లు ఏరడం వంటివి చేపట్టవద్దన్నావు. కూలీల డబ్బు నిలిచే ఆస్తులుగా మారాలన్న నీ ఉద్దేశం సరైనది. గడ్డి ఏటా మొలుస్తుంది కాబట్టి ఏటా ప్రభుత్వం కోయించాలని ఎదురుచూడటం తప్పని నువ్వు ముందే చెప్పావు. అంటే గట్టు మీది గడ్డి యజమాని పని. ఆ సంగతి ఇంత సూటిగా చెప్పినది నువ్వొక్కదానివే. అదే పథకం కింద కందకాలు తవ్వుకోమన్నావు, పంట కుంటలు తవ్వుకోమన్నావు. మంట లేచినప్పుడు బకెట్టు ముంచడానికి నీళ్లు కూడా అలా దగ్గరికి తెచ్చావు.

మంటలార్పేవారి పట్ల నీ గౌరవానికి నా గౌరవం కలుపుతున్నాను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు ఇచ్చారు. వారిని తలుచుకుంటూ ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతున్నాం. బడుల్లో ప్రదర్శనలు, కూడళ్లలో కరపత్రాలు ఉంటాయి. మంచిదే. కానీ మామిడి సీమకు ఆ వారం వచ్చేసరికి గడ్డి ఎండి రెండు నెలలు దాటుతుంది, కాయ కోతకు వస్తుంది. అమరుల జ్ఞాపకానికి ఏప్రిల్ సరైన నెల. గట్టు జాగ్రత్తకు అది చాలా ఆలస్యం. ఆ కరపత్రం ధనుర్మాసంలో అందాలి. 101కి ఫోను చేస్తే బండి వస్తుంది, సిబ్బంది ప్రాణాలకు తెగించి పని చేస్తారు. తోటల మధ్య డొంకలో కంప పెరిగి బండి లోపలికి పోలేకపోతే ఆ తప్పు వారిది కాదు.

గడ్డి ఎందుకు కోయడం లేదో కూడా నిజాయతీగా చెప్పుకోవాలి. ఈ సీమలో తోట ఒకరి చేతిలో ఉండదు. పట్టా హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న యజమానిది. సాగు కౌలుదారుది. కాయ పూత మీదో పిందె మీదో కొన్న వ్యాపారిది. కాపలా పాకలో ఉండే కుటుంబానిది. వ్యాపారి ఒక సీజను కోసం వచ్చాడు, గట్టు మీద ఖర్చు పెట్టడు. కౌలుదారుకు వచ్చే ఏడు తోట ఉంటుందో లేదో తెలియదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి పదకొండు నెలల ఒప్పందంతో కౌలుదారుకు గుర్తింపు ఇచ్చావు. ఆ ఒప్పందంలో గట్టు ఎవరు కోయాలో ఒక వాక్యం రాసుకోవడం చాలా తేలిక. రాసుకోవడం లేదు. కాయ అమ్మకం కాగితంలోనూ రాసుకోవడం లేదు. తోట నలుగురిదీ, గడ్డి ఎవరిదీ కాదు.

కోసే పద్ధతిలోనూ దారి తప్పాం. కూలి ఖర్చు ఎక్కువని గడ్డి మందు కొడతారు. మందుకు చచ్చిన గడ్డి నేల మీద అలాగే నిలబడి ఎండుతుంది. పచ్చి గడ్డి కంటే అదే తొందరగా అంటుకుంటుంది. గ్లైఫోసేట్ మందును శిక్షణ ఉన్న నిర్వాహకుల ద్వారా తప్ప వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఆంక్ష పెట్టింది. అదీ నీ జాగ్రత్తే. ఇంకొందరు కోసిన గడ్డిని, ఊడ్చిన ఆకును అక్కడే తగలబెడతారు. చెత్తను ఆరుబయట కాల్చడాన్ని 2016లో నిబంధనలతో, హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వుతో దేశమంతా నిషేధించావు. మామూలు మనిషికి అయిదు వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే పాతిక వేలు జరిమానా అన్నావు. అయినా రోడ్ల పక్కన మొదళ్లు కాలి సగం బోలుగా మారిన నిద్రగన్నేరులు, చింతలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ చెట్ల కింద ఆకు కుప్పకు నిప్పు పెట్టినవాళ్లు శుభ్రం చేస్తున్నామనే అనుకున్నారు.

ఇతర దేశాలు ఇదే కష్టంలో ఏం చేశాయో చూద్దాం. కాలిఫోర్నియాలో మంట ముప్పున్న చోట్ల ఇంటి చుట్టూ వంద అడుగుల మేర ఎండు గడ్డి, తుప్పలు లేకుండా చూసుకోవాలని రాష్ట్ర చట్టం చెబుతుంది. లాస్ ఏంజిలస్ నగరంలో ముప్పు ఎక్కువున్న ప్రాంతాలకు ఆ దూరం రెండు వందల అడుగులు. గడువు ముందు నోటీసు వస్తుంది, తనిఖీ జరుగుతుంది. చేయనివారి స్థలాన్ని నగరమే గుత్తేదారుతో కోయించి ఖర్చును వారి మీద వేస్తుంది. పోర్చుగల్‌లో ఇళ్ల చుట్టూ యాభై మీటర్లు శుభ్రం చేయాలన్న నిబంధన 2006 నుంచీ ఉంది. 2017 జూన్‌లో పెద్రోగావ్ గ్రాందె మంటల్లో 66 మంది చనిపోయాకే 2018 మార్చి 15ను గడువుగా పెట్టి, జరిమానాలు రెట్టింపు చేసి గట్టిగా అమలు మొదలుపెట్టారు. చట్టం ముందే ఉంది. తేదీ రావడానికి 66 ప్రాణాలు పోయాయి.

గడ్డి కోస్తే మంటలే రావని నేను చెప్పడం లేదు. 2025 జనవరిలో పెనుగాలికి లాస్ ఏంజిలస్ పరిసరాలు కాలిపోయాయి. అంతటి గాలి ముందు కోసిన గడ్డి ఒక్కటే కాపాడలేదు. మామిడి తోటలో మన ముందున్నది అంతటి ఉత్పాతం కాదు. మనిషి నడకంత వేగంతో నేల మీద పాకే మంట. పది అడుగుల ఎర్ర నేల కనిపిస్తే చాలావరకు అక్కడే ఆగే మంట. దాన్ని ఆపలేకపోవడానికి సాకు లేదు.

కాలిఫోర్నియాలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. అగ్నిమాపక శాఖ నోటీసు వస్తే అక్కడ గడువులోగా పెరడు కోయిస్తారు. వారిలో కొందరికి నూజివీడు వైపు తోటలున్నాయి. అక్కడ పాటించే క్రమశిక్షణను ఇక్కడి గట్టు మీద కూడా పాటించమని వారిని అడుగుతున్నాను. తోట చూసే బావమరిదికి, బాబాయికి పంట డబ్బుల గురించి ఫోను చేసినప్పుడు గట్టు కోశారా అని కూడా అడగాలి. కోత కూలి పంపాలి.

చట్టమా, నీకు లేనివి మూడే మూడు. ఎంత దూరం, ఏ తేదీలోగా, చేయకపోతే ఎవరి ఖర్చుతో. ఆ మూడూ ఊరు రాసుకోవాల్సినవి. ఆ చోటు కూడా నువ్వే చూపించావు. గ్రామసభ అది. 2024 ఆగస్టు 23న ఈ రాష్ట్రంలో ఒకే రోజు 13,326 గ్రామసభలు జరిగాయి. ఉపాధి పనులకు ఒక్క రోజులో అన్ని ఊళ్లలో తీర్మానం చేయగలిగిన రాష్ట్రానికి, మామిడి మండలాల్లో గట్ల కోతకు ఒక తీర్మానం చేయడం కష్టమైన పని కాదు.

ఆ తీర్మానం ఇలా ఉంటే చాలు. ప్రతి తోట హద్దు వెంట పది అడుగుల మేర గడ్డి, రాలిన ఆకు, కంప లేకుండా చేయాలి. పూత మొదలయ్యాక చెట్ల కింద దున్నితే వేళ్లు తెగి పూత రాలుతుంది. కాబట్టి హద్దు వెంట దుక్కి కార్తీక మార్గశిరాల్లోనే పూర్తి కావాలి. మిగిలిన గడ్డి యంత్రంతో కోసి భోగి నాటికి ముగించాలి. కోసినదాన్ని కాల్చకూడదు. చెట్ల పాదుల్లో మొదలుకు దూరంగా పరిస్తే పదను నిలుస్తుంది, లేదా ఎరువు గుంటలో వేస్తే ఎరువవుతుంది. డొంకలు, పుంతలు పంచాయతీ కోయించాలి, అగ్నిమాపక బండి పట్టేంత వెడల్పు ఉంచాలి. శివరాత్రికి ముందు కార్యదర్శి, ఉద్యాన సహాయకుడు కలిసి గట్లు తిరిగి చూడాలి. చేయనివారి జాబితా ఆర్డీవోకు పంపాలి. అక్కడి నుంచి నీ 152వ సెక్షన్ తన పని చేస్తుంది. కౌలు కాగితంలో, కాయ అమ్మకం కాగితంలో గట్టు కోత ఎవరిదో ఒక వాక్యం తప్పనిసరిగా రాయాలి.

ఇందులో కొత్త చట్టం ఒక్కటీ అక్కర్లేదు. కొత్త పథకం, కొత్త శాఖ, కొత్త పోస్టు అక్కర్లేదు. అన్నీ నువ్వు ఎప్పుడో ఇచ్చేశావు. ఇన్ని ఇచ్చినా ఏటా చెట్లు కాలుతున్నాయంటే తీర్పు స్పష్టం. నీలో లోపం లేదు. దోషం పట్టా ఉండి గట్టు చూడని యజమానిది, పద్దు రాయని పంచాయతీది, అధికారం ఉండి నోటీసు ఇవ్వని కార్యాలయానిది, పక్కవాడి గడ్డి చూసి కూడా అడగని మాది.

ఇది చదువుతున్నవారికి ఒక విన్నపం. తోట మీదైతే ఈ ధనుర్మాసంలో హద్దు కోయించండి. తోట లేకపోయినా వచ్చే గ్రామసభకు వెళ్లి, గట్ల కోతకు తేదీ పెట్టమని లేచి అడగండి. ఆ మాట తీర్మానాల పుస్తకంలో రాసేదాకా అక్కడి నుంచి కదలకండి.